చెక్క అరుగుకు సర్దారు

గోదావరిఖనిలో పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. రెండు దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేస్తారు. కిటికీ అద్దాలు ఒక్కసారి గణగణమంటాయి. కాసేపటికి సన్నటి నల్లపొడి ఏ సందులోంచి వస్తుందో వచ్చి ఇల్లంతా పరుచుకుంటుంది. అందుకని రాజకుమారి రోజుకు రెండుసార్లు ఇల్లు తుడుస్తుంది. ఆ ఆదివారం మొదటి తుడుపు మీద ఉండి, సోఫా దాకా వచ్చి, "కాళ్లు తియ్యి బావా" అంది. భూపాల్ ఫోన్ మీది చూపు తిప్పకుండానే రెండు కాళ్లూ పైకి లేపి, గాల్లో అలాగే ఉంచి, తడిగుడ్డ కింద నుంచి పోయాక మళ్లీ దించాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ కాళ్లకు వేరే కళ్లేమైనా ఉన్నాయా అని ఆమెకు ఒక్కోసారి అనుమానం వస్తుంది.

కాళ్లు దించుతూ అన్నాడు. "రాజీ, వెనక గార్డెన్ల చెక్క ఏపిద్దాం. డెక్ అంటరు దాన్ని. ఒక్కసారి ఏపిస్తె నీకేం పనుండది, కూసునుడే."

రాజకుమారి చేతిలో గుడ్డ ఆగింది. నీకేం పనుండది అన్న మాట వెంట ఆ ఇంట్లోకి ఇంతకుముందు చాలా వస్తువులు వచ్చాయి. మూడేళ్ల కింద కంపెనీ క్వార్టర్ విడిచి ఈ సొంతిల్లు కట్టుకున్నప్పుడు భూపాల్ తెల్ల టైల్స్ కావాలన్నాడు. బొగ్గు ఊళ్లో తెల్లవి ఏం నిలుస్తాయి, ముదురు రంగువి వేయిద్దాం అని ఆమె అంటే, టైల్స్ అంటే అలుకుడు లేదు, నీకేం పనుండది అన్నాడు. తర్వాత హాల్లోకి అద్దాల షోకేసు వచ్చింది, దానికీ పని ఉండదన్నాడు. ఆ తర్వాత ఏదో దవాఖానలో డాక్టరు గది ముందు చూసొచ్చి చేపల తొట్టి తెచ్చాడు. చేపలు ఎనిమిది నెలలు బతికాయి. ఆ ఎనిమిది నెలలూ నీళ్లు మార్చింది ఆమె, చచ్చిపోయినప్పుడు బాధపడింది ఆయన. ఖాళీ తొట్టి ఇప్పటికీ షోకేసు పక్కనే ఉంది, దాన్ని కూడా ఆమే తుడుస్తోంది.

భూపాల్ చెడ్డవాడు కాదు. అతిగా తాగడు, చెయ్యెత్తడు. చెయ్యెత్తని మగవాణ్ని బంగారం అనే వాడకట్టులో ఆయన మేలిమి బంగారం. పైగా మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావే. బాయిలో, అంటే బొగ్గుగనిలో, మైనింగ్ సర్దారు, ఇంకో రెండేళ్లలో రిటైరై దిగిపోతాడు. దిగిపోయాక ఎక్కడ కూర్చోవాలన్నది ఇప్పుడాయనకు పెద్ద ఫికరైంది.

ఆ ఫికరు పట్టుకున్నది మేనేజర్ పృథ్వీరాజ్ గారి బంగళాలో. నెల కింద వాళ్ల పాప పుట్టినరోజుకు ఇద్దరూ వెళ్లారు. బంగళా వెనక తోటలో, గడ్డి మీదికి చెక్క పలకలు పరిచిన పెద్ద అరుగు. మగవాళ్లంతా దాని మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. భూపాల్ షూస్ విప్పి మరీ ఎక్కి, రెండు పలకల్ని వేళ్లతో తట్టి చూశాడు. తట్టి చూడటం ఆయన వృత్తి.

రాజకుమారి చెయ్యి కడుక్కోవడానికి ఆ వైపు వెళ్లినప్పుడు చెప్పు విడిచి ఒక పాదం దాని మీద పెట్టింది. పొద్దంతా ఎండలో ఉన్న చెక్క, సాయంత్రానికి గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మడమ నుంచి మోకాలి దాకా పాకింది. ఎన్నాళ్లయిందో ఇలా ఊరికే నిలబడి అనుకుంది. రెండో పాదం కూడా పెట్టబోతుంటే మేనేజర్ గారి భార్య సుహాసిని వచ్చి, ఆ కోస్తా మాటతీరుతో మెల్లగా, "బావుంది కదండీ. కూర్చునేవాళ్లకి బావుంటుంది. ఈ సందులు చూడండి, వారానికోసారి మా పనావిడ పాత టూత్‌బ్రష్షుతో తీస్తుంది. తను రాకపోతే నేనే" అంది. రాజకుమారి వంగి చూసింది. పలకల మధ్య కేకు ముక్కలు, కింద నల్లపొడి. పాదం వెనక్కి తీసుకుంది గానీ, వెచ్చదనం ఇంటిదాకా వెంటవచ్చింది.

అదీ అసలు చిక్కు. ఆమెకు చెక్క వద్దని లేదు. కావాలని ఉంది, భూపాల్ కన్నా ఎక్కువగా ఉంది. ఇంట్లో సోఫాలున్నాయి, కుర్చీలున్నాయి, వాటి మీద కూర్చున్నట్టు ఆమెకు గుర్తు లేదు. ఆమె కూర్చునేది కుట్టుమిషను ముందు స్టూలు మీద. వాడకట్టు జాకెట్లన్నీ అక్కడే పుడతాయి. దాన్ని భూపాల్ పనిలో లెక్కెయ్యడు. కూసోని కుట్టుడే కదా, కాళ్లకు రెస్టే అంటాడు. వెనక పెరట్లో కరివేపాకు చెట్టుకూ కాకర పందిరికీ మధ్య ఆ కాస్త జాగాలో, మిషను లేకుండా, గిన్నె లేకుండా, ఒట్టి చేతులతో ఒక గంట కూర్చోవాలని ఆమెకు కోరిక. బయటికి చెబితే ఇదేం కోరిక అని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ జాగాలోకి చెక్క వస్తే, తను దాని మీద కూర్చుంటుందా, మోకాళ్ల మీద వంగుతుందా? రాత్రీ పగలూ ఆమెను తొలిచింది ఇదొక్కటే.

వారం తిరక్కుండా వడ్రంగి జగదీశ్వర్‌ను పిలిపించాడు భూపాల్. జగదీశ్వర్ టేపు పట్టుకుని పెరడంతా కొలిచాడు. తర్వాత చెక్కల సంగతి మొదలుపెట్టాడు. టేకైతే రాజా లెక్కుంటదన్నా, నల్లమద్దయితే గట్టిదే గాని బరువు, ఇప్పుడు ప్లాస్టిక్ చెక్క కూడా వస్తుంది, దానికి నూనె గీనె ఏం వద్దు గాని మన రామగుండం ఎండకు పెనం లెక్క కాలుతది. ఇదంతా భూపాల్ వైపు తిరిగి చెప్పాడు. కింద బండలు పెట్టి దూలాలు లేపాలె, మట్టికి తగిలితే చెదలు పడుతది, పలకకూ పలకకూ మధ్య చిటికెనవేలు సందు ఉండాలె. ఇదీ భూపాల్‌కే చెప్పాడు. అప్పుడు జగదీశ్వర్ మెడ దానంతటదే రాజకుమారి వైపు తిరిగింది.

"ఇగ అక్కా, వారం వారం బ్రష్‌తోని రుద్దాలె. అడ్డం రుద్దద్దు, చెక్క గీతల వెంబడే రుద్దాలె. సందులల్ల దుమ్ము నిల్వనియ్యద్దు. వానకాలం పాకురు పడుతది, జారుతరు, పైలం. వానలకు ముందొకసారి, వానలు ఎల్లినంక ఒకసారి అవిసె నూనె పట్టియ్యాలె."

ఆ మెడను ఎవరూ తిప్పమనలేదు. భూపాల్ ఆశ్చర్యపోలేదు. నిజం చెప్పాలంటే రాజకుమారి కూడా వెంటనే ఆశ్చర్యపోలేదు, తలూపుతూ వింటూనే ఉంది. నూనె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో తట్టింది. కొనే సంగతి అటు, కడిగే సంగతి ఇటు. టైల్స్ అతనూ ఇలాగే తిరిగాడు. చేపల తొట్టి అమ్మినవాడు ఫోన్లో నీళ్లు మార్చే పద్ధతి చెప్పడానికి, ఒకసారి అక్కకు ఇయ్యన్నా అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. జగదీశ్వర్ మీద కాదు, అన్నేళ్లుగా ఊగుతున్న తన తల మీద.

లోపలికి వెళ్లి భూపాల్ పెట్టెలోంచి ఒక పుస్తకం తెచ్చింది. పాత షిఫ్టు రిపోర్టు పుస్తకం, సగం ఖాళీ. జగదీశ్వర్ చెప్పిందంతా దాంట్లో వరసగా రాసుకుంది. అక్క మంచిగ రాస్తుంది అని జగదీశ్వర్ మెచ్చుకున్నాడు. చూసినవా, మా రాజీకి అన్నీ పద్ధతే అని భూపాల్ కూడా మురిశాడు. ఆ పుస్తకం ఎటు తిరగబోతోందో ఇద్దరికీ తెలియదు.

భూపాల్‌కు ఒక కథ ఉంది. నలుగురు చేరితే చాలు, చెప్పకుండా ఉండడు. బాయిలో ఏ జాగాలో పని మొదలవ్వాలన్నా ముందు సర్దారు పోవాలి. కట్టెతో రూఫ్ కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే మంచిది, బోలుగా మోగితే పని బందు. చూశాక రిపోర్టు రాసి కింద పేరు పెట్టాలి. ఆ సంతకం లేకుండా ఒక్కరినీ లోపలికి పోనివ్వరు. ఒకసారి పైఅధికారి ఒకాయన, టైం లేదు, చూసినట్టే రాసెయ్ అన్నాడట. నా కట్టె తాకని రూఫ్‌కు నా పేరు తాకది సార్ అన్నాడట భూపాల్. గంట సేపు షిఫ్టు ఆగింది. కొట్టి చూస్తే బోలు. ఆ రోజు దాని కింద ఆరుగురు ఉండాల్సింది. ఈ కథ రాజకుమారి వందసార్లు విని ఉంటుంది, వంద సార్లూ గర్వపడింది. ఇప్పుడు కూడా ఆ గర్వంలో తేడా లేదు. ఆ మనిషే ఇంటికి రాగానే ఎక్కడికి పోతాడన్నదే ఆమెకు అంతుబట్టదు.

జగదీశ్వర్ పోయాక పుస్తకం భూపాల్ ముందు పెట్టింది. ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. పక్కన మంచం మీద అత్త లింగవ్వ.

"బావా, మీ బాయిల సంతకం లేంది ఎవ్వల్ని లోపలికి పోనియ్యరు కదా. ఈ చెక్కకు సర్దారు ఎవ్వలు?"

భూపాల్ నవ్వాడు. ఇంట్ల సర్దారు నువ్వే కదా అన్నాడు, అది మెప్పనుకుని.

"నేనైతె నాకు చెక్క వద్దు. నువ్వైతె ఏపిచ్చుకో. వారం వారం నువ్వే రుద్ది, నువ్వే కొట్టి చూసి, దీంట్ల నీ పేరు రాయాలె. నేను చెయ్యి పెట్ట."

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ మాటల వెనక ఎనిమిది నెలల చేపలు, మూడేళ్ల టైల్స్ అన్నీ నిలబడి ఉన్నాయి. భూపాల్ ముద్ద కలపడం ఆపాడు. డ్యూటీ చేసొచ్చి ఇంటికాడ కూడా డ్యూటీయేనా అన్నాడు. చెక్క గీకుతుంటే వాడకట్టోళ్లు ఏమనుకుంటరు అన్నాడు. చివరికి, ఇంత చిన్న పనికి ఇంత పంచాయితీ ఎందుకన్నాడు. చిన్న పనే కదా బావా, అందుకే నువ్వు చెయ్యమంటున్న అంది రాజకుమారి.

లింగవ్వ అప్పటిదాకా గోడకేసి తిరిగి పడుకుని ఉంది. నిద్రపోయిందనే అనుకున్నారు. మెల్లగా లేచి కూర్చుంది. కొడుకు తరఫున మాట్లాడుతుందని రాజకుమారి మనసు గట్టి చేసుకుంది, ఎందుకంటే ముప్పై ఏళ్లలో ఎక్కువసార్లు అదే జరిగింది.

"ఊళ్లె మన ఇంటి ముంగటి అరుగు యాదికున్నదా బిడ్డా నీకు" అని కోడలిని అడిగింది లింగవ్వ. "నలభయ్యేండ్లు అలికిన. పెండ నేనే తెచ్చిన, ఎర్రమన్ను నేనే తెచ్చిన. కూసున్నది మీ మామ ఆగయ్య, ఆయన దోస్తులు. ఒక్కనాడు జర నడుం నొస్తుందని కూసుంటె మా అత్త లేపింది. ఆడిది అరుగు మీద కూసుంటదా అన్నది. ఆ అరుగు చల్లగుంటదో ఎచ్చగుంటదో నాకు తెల్వదు. చేతికి తెల్సు గాని."

తర్వాత కొడుకు వైపు తిరిగి, "రాయిరా పేరు" అంది.

భూపాల్ ఆ రోజు రాయలేదు. చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నాలుగు రోజులు చెక్క మాటే ఎత్తలేదు. రాజకుమారి కూడా ఎత్తలేదు. లోపల మాత్రం, పోనీ నేనే చేసుకుంటానంటే అయిపోయేదేమో, వారానికి ఒక గంట ఎంత, ఆ జాగా పోయె, ఆ వెచ్చదనం పోయె అని ఒక గొంతు గొణుగుతూనే ఉంది. ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది. తెల్ల టైల్స్‌కు ఒప్పుకున్న గొంతు అదే. ఐదో రోజు పొద్దున చాయ్ ఇవ్వడానికి వెళితే, బల్ల మీద రిపోర్టు పుస్తకం తెరిచి ఉంది. ఆమె రాసిన వరసల కింద, సర్దారు అని రాసి, భూపాల్ అని సంతకం ఉంది. ఆయన పేపర్ చాటున ఉన్నాడు. ఆమె చాయ్ పెట్టి వచ్చేసింది. వంటింట్లోకి పోయాక ఎందుకో కళ్లు తడయ్యాయి, సంతోషంతోనే.

వానలు వెళ్లాక, దసరా దాటిన వారం నల్లమద్ది చెక్కతో అరుగు లేచింది. మొదటి మూడు ఆదివారాలూ భూపాల్ మాట తప్పలేదు. పాత కట్టె తెచ్చి పలక పలకనూ కొట్టి, చెవి వంచి వినేవాడు. ఒక పలక అదురుతోందని జగదీశ్వర్‌ను పిలిచి స్క్రూ బిగించిన రోజు ఆయన ముఖం చూడాలి. లింగవ్వ మంచం మీద నుంచే, సందుల్ల తియ్యిరా అని కేకేసేది. రాజకుమారి రోజూ సాయంత్రం మిషను కట్టేసి వెళ్లి ఆ చెక్క మీద కూర్చునేది. మొదట్లో చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు మడతలు పెట్టేవి. తర్వాత నేర్చుకున్నాయి.

నాలుగో ఆదివారం ఏదో క్రికెట్ మ్యాచ్ ఉంది. సాయంత్రం నాలుగింటికి బాయిలో దోస్తు సంపత్ కొత్త డెక్ చూడటానికి వస్తానన్నాడు. మూడున్నరకు రాజకుమారి పెరట్లోకి వెళ్లింది. చెక్క మీద బొగ్గుపొడి, పిట్టల రెట్టలు, కాకర పూలు రాలి సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. బ్రష్ గోడ మేకుకు పొడిగా వేలాడుతోంది. పుస్తకం తెరిచి చూసింది. ఆ రోజు తేదీ వేసి ఉంది. కొట్టి చూసిన, అంతా మంచిగున్నది, భూపాల్.

ఆమెకు ముందు నమ్మకం కలగలేదు. తర్వాత చెయ్యి దానంతటదే బ్రష్ మీదికి పోయింది. పావుగంట చాలు. పావుగంట వంగితే చెక్క మెరుస్తుంది, సంపత్ వస్తే మెచ్చుకుంటాడు, భూపాల్ రాసింది నిజమైపోతుంది. రుద్దకపోతే ఆ దుమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో ఆమెకు బాగా తెలుసు. సంపత్ ఇంటికెళ్లి, భూపాలన్న ఇంటామె సాఫ్ చెయ్యదా ఏంది అంటాడు తప్ప, భూపాలన్న చెయ్యలేదేంది అనడు. బ్రష్ పట్టుకుని అలాగే నిలబడింది. మా ఇల్లు అద్దం లెక్కుంటది అని ఆయన నలుగురిలో అన్నప్పుడల్లా, ఆ మాట అబద్ధం కాకుండా చూసింది తనే కదా. ఎన్నిసార్లు, ఎన్ని పండుగలకు, ఎందరు చుట్టాల ముందు. ఆయన పేరు పెట్టడం, తను వెనక నుంచి పోయి దాన్ని నిజం చెయ్యడం. ఈ ఒక్కసారికి అనుకుంటే ఇక ప్రతిసారీ ఈ ఒక్కసారే అవుతుంది. బ్రష్‌ను తిరిగి మేకుకు తగిలించింది.

పుస్తకం తీసుకుని హాల్లోకి వెళ్లి, టీవీకీ ఆయనకూ మధ్య నిలబడింది.

"బావా, బాయిల అయితె గిట్ల రాస్తవా?"

భూపాల్ పుస్తకం వైపు చూశాడు. తన చేతిరాతను తను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అంత ఎర్రబడటం రాజకుమారి తమ పెళ్లిలో కూడా చూడలేదు. ఆమె పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి, లింగవ్వను చెయ్యి పట్టి లేపి, పెరట్లోకి నడిపించుకుపోయింది. అత్తను చెక్క అంచున కూర్చోబెట్టి, కొంగుతో కూడా దులపకుండా, తనూ ఆ దుమ్ములోనే కూర్చుంది. లింగవ్వ అరచెయ్యి చెక్క మీద ఆనించి, కాసేపు ఉంచి, "ఎచ్చగనే ఉన్నది" అంది.

లోపల టీవీ ఆగిపోయింది. భూపాల్ వచ్చాడు. చేతిలో తెరిచి ఉన్న పుస్తకంలో ఆ రాత మీద అడ్డంగా గీత గీసి ఉంది. లుంగీ ఎగగట్టి, బ్రష్ తీసుకుని, ఆ చివరి పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెక్క గీతల వెంబడే రుద్దడం మొదలుపెట్టాడు. ఇంతలో గేటు దగ్గర సంపత్ బండి ఆగిన చప్పుడైంది. రాజకుమారి నడుము అలవాటుగా కదిలింది, చాయ్ పెట్టడానికి. మళ్లీ ఆగింది. భూపాల్ తలెత్తి గేటు వైపు చూశాడు, చేతిలో బ్రష్ వైపు చూశాడు. లేవలేదు. "రా సంపతన్నా, వెనకకు రా, డ్యూటీల ఉన్న" అని కేకేశాడు.

రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆమె దాకా వచ్చి, "కాళ్లు జర తియ్యి రాజీ" అన్నాడు.

రాజకుమారి కాకర పందిరి మీది చూపు తిప్పకుండానే రెండు కాళ్లూ పైకి లేపి, గాల్లో అలాగే ఉంచి, బ్రష్ కింద నుంచి పోయాక మళ్లీ దించింది.